ఉద్దానంలో నర్సు చేసే పరీక్ష: నిర్ణయం మొదలయ్యేది అక్కడే

పలాస చుట్టుపక్కల విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో పొద్దున్నే తరచూ కనిపించే మనిషి ఒకాయన ఉంటాడు. నలభై దాటిన వయసు, జీడి తోటలోనో జీడిపిక్కల బట్టీలోనో కూలిపని, నడుం మీద చెయ్యి. "సిస్టరమ్మా, నడుం లాగేస్తంది. ఓ సూదేసేయ్, బేగి పన్లోకి ఎల్లాల" అంటాడు. నొప్పి సూది వెయ్యడం రెండు నిమిషాల పని. ఆయన నొప్పి తగ్గుతుంది, ఆ పూట కూలి పోదు, వరసలో కూర్చున్నవాళ్ళకు తొందరగా వంతు వస్తుంది. ఎవరికీ అభ్యంతరం ఉండదు.

కానీ ఇది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు కొన్ని దశాబ్దాలుగా ఇళ్ళకు ఇళ్ళనే తినేస్తోంది. నీళ్ళలోని సిలికా, పురుగుమందులు, భార లోహాలు, ఎండలో పని, నొప్పి మాత్రల వాడకం... ఇలా ఎన్నిటినో అనుమానించి చూసినా అసలు కారణం ఇదేనని ఇప్పటికీ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. కారణం తేలకపోయినా, ఉన్న కిడ్నీని ఇంకా పాడుచేసేది ఏదో మాత్రం తెలుసు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి వెళ్ళే సన్నటి రక్తనాళాలు ముడుచుకుపోకుండా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు పని చేసేదే ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి. నొప్పితోపాటు కిడ్నీకి అందే రక్తమూ తగ్గుతుంది. బట్టీ దగ్గర చెమటోడ్చి, సరిగ్గా నీళ్ళు తాగని మనిషికి, అప్పటికే కిడ్నీలు సగం దెబ్బతిని ఉంటే, ఆ సూది చేసే హాని చిన్నది కాదు.

వైద్య నైతికత అనగానే నర్సింగ్ కాలేజీ పాఠాల్లో వెంటిలేటరు తీసెయ్యాలా వద్దా, అవయవం ఎవరికివ్వాలి లాంటి పెద్ద ప్రశ్నలే ముందుకొస్తాయి. మేలు చెయ్యడం, కీడు చెయ్యకపోవడం, రోగి నిర్ణయాన్ని గౌరవించడం, న్యాయంగా పంచడం అనే నాలుగు సూత్రాలను ఆ ప్రశ్నలకు అన్వయించి చూపిస్తారు. శ్రీకాకుళం జిల్లా పల్లెలో ఒంటరిగా కూర్చున్న నర్సుకు ఆ సందర్భాలు ఎప్పుడో గానీ రావు. ఆమె చేతిలో రోజూ ఉండేది పరీక్ష. ఏం అడగాలి, ఎవరి ముందు అడగాలి, ఏ కొలతను నమ్మాలి, దేన్ని రెండోసారి చూడాలి, ఎక్కడ ఆపెయ్యాలి. పరీక్ష అయ్యాక నైతిక నిర్ణయం వస్తుందనుకోవడం పొరపాటు. పరీక్ష ఎక్కడ ఆగిందో, చాలాసార్లు నిర్ణయం కూడా అక్కడే జరిగిపోతుంది.

సూది అడిగిన మనిషి విషయంలోనే చూడండి. ఆయన కోరాడు కాబట్టి వేసేస్తే ఆయన ఇష్టాన్ని గౌరవించినట్టు కనిపిస్తుంది. కానీ సూది వల్ల ఏమవుతుందో తెలియకుండా కోరిన కోరిక అది. పోనీ, వెయ్యనని పంపించేస్తే? పక్క వీధిలో ఆర్ఎంపీ వేస్తాడు. నర్సు తన వంతు కీడు తప్పించుకుంది, ఆయనకు మాత్రం ఆ కీడు జరిగిపోయింది. కాబట్టి మిగిలిన దారి ఐదు నిమిషాలు ఖర్చు పెట్టడమే. నెలకు ఎన్ని నొప్పి మాత్రలు మింగుతున్నావు బాబాయ్, ఎక్కడ కొంటున్నావు, రాత్రిపూట ఒంటేలుకు ఎన్నిసార్లు లేస్తున్నావు, పని దగ్గర నీళ్ళు ఎన్ని తాగుతున్నావు, మీ ఇంట్లో డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళున్నారా? ఆ తర్వాత బీపీ, రక్త నమూనా. నొప్పికి పారాసెటమాల్, కాపడం. సూది ఎందుకు వెయ్యలేదో ఆయన మాటల్లోనే చెప్పడం. ఇదంతా చేసినా ఆయన ఆర్ఎంపీ దగ్గరికే వెళ్ళొచ్చు. అప్పుడు కనీసం తెలిసి వెళ్తాడు.

ఈ నర్సు ఎవరన్నది కూడా చూడాలి. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద సబ్‌సెంటర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా (మన విలేజ్ హెల్త్ క్లినిక్‌లు ఇవే) మార్చడం మొదలుపెట్టినప్పుడు నర్సింగ్ చదివినవాళ్ళను కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా పెట్టారు. మన రాష్ట్రంలో వాళ్ళనే ఎంఎల్‌హెచ్‌పీలు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) అంటారు. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒక సెంటర్ అన్నది కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న లెక్క. అంతర్జాతీయ నర్సుల మండలి 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సు అంటే కనీసం మాస్టర్స్ స్థాయి చదువు ఉండాలి. మన దేశంలో ఆ స్థాయిలో క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ల రెండేళ్ళ రెసిడెన్సీ కోర్సు ఉంది, మంత్రసాని వైద్యంలో డిప్లొమా స్థాయిలో 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ ఉంది. ఎంఎల్‌హెచ్‌పీ కాగితం మీద ఆ కోవలోకి రాదు. పని మాత్రం అదే కోవకు చెందింది: మొదట చూసేది ఆమె, జబ్బు తీవ్రత తేల్చేది ఆమె, పంపాలా ఆగాలా చెప్పేది ఆమె. బీపీకి, షుగరుకు డాక్టరు మొదలుపెట్టిన మందును నెలనెలా ఇవ్వగలదు, కొత్త మందు కావాలంటే టెలి వైద్యంలో డాక్టరును అడగాలి. బాధ్యత ఎక్కువ, అధికారం తక్కువ. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. ఈ అంతరాన్ని పూడ్చే పని ఆ చట్టం కింద వచ్చే నిబంధనల మీదే ఉంది.

ఇక రక్త పరీక్ష రిపోర్టు వచ్చిందనుకుందాం. కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్, అది 1.2 ఉంది. చాలా ల్యాబుల కాగితం మీద ఈ అంకె పక్కన ఎర్ర గుర్తు ఉండదు, ఉన్నా పెద్దగా పట్టించుకోరు. కానీ అంకె ఒకటే అయినా అర్థం ఒకటి కాదు. వయసు, ఆడా మగా చూసి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ సూత్రం ప్రకారం 25 ఏళ్ళ కుర్రాడికి 1.2 అంటే కిడ్నీ వడపోత నిమిషానికి దాదాపు 86 మిల్లీలీటర్లు. అరవై ఏళ్ళ ఆడమనిషికి అదే 1.2 అంటే దాదాపు 52. అరవైకి కింద అంకె మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. పైగా క్రియాటినిన్ కండలోంచి వస్తుంది. ఎండిపోయిన ఒంటితో, కండ కరిగిపోయిన ముసలమ్మకు ఆ అంకె అసలున్న దెబ్బను ఇంకా తక్కువ చేసి చూపిస్తుంది. "నార్మలే అమ్మా" అని కాగితం తిరిగిచ్చిన నర్సు అబద్ధం చెప్పలేదు. లెక్క కట్టలేదంతే. ఉద్దానంలో ఆ లెక్క కట్టడం మానెయ్యడాన్ని నైతిక లోపంగానే చూడాలి. ఫోన్‌లో అర నిమిషంలో అయ్యే పని అది.

మూత్రంలో ప్రొటీన్ చూసే పట్టీతోనూ ఇదే చిక్కు. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో పట్టీ ముందే రంగు మారుతుంది. ఉద్దానం జబ్బులో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్ళ వాపు చాలా ఆలస్యంగా గానీ రాదు, బీపీ కూడా మొదట్లో మామూలుగానే ఉండొచ్చు. పుస్తకంలో చదివిన గుర్తులు లేవని ధైర్యం చెప్పి పంపిస్తే ఆ ధైర్యమే హాని.

దీనికి ఎదురుగా ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. ఒక్క రిపోర్టులో అంకె ఎక్కువ వచ్చిందని "నీకు ఆ జబ్బొచ్చింది" అనెయ్యడం. వైశాఖంలో మూడు రోజులు విరేచనాలైన మనిషికి క్రియాటినిన్ పెరుగుతుంది, నీళ్ళెక్కితే దిగిపోతుంది. రెండోసారి చూడకుండా మాట బయటికి వదిలితే మాత్రం అది దిగదు. ఈ పల్లెల్లో కిడ్నీ జబ్బు అన్న మాట పడితే ఆ ఇంటికి పెళ్ళి సంబంధాలు రావు. ఊరు మొత్తానికే సంబంధాలు రాని రోజులూ ఉన్నాయి. అందుకే మళ్ళీ కొన్నాళ్ళకు చూడాలి, మూడు నెలల తర్వాత ఇంకోసారి చూడాలి, ఈలోగా నొప్పి మందులు ఆపించాలి. అప్పటిదాకా "అనుమానం ఉంది, తేల్చాలి" అనడమే నిజం చెప్పడం. తొందరపడి భయపెట్టినా, మొహమాటపడి దాచినా రెండూ రోగికి చెందాల్సిన నిజాన్ని నర్సు తన దగ్గర పెట్టుకోవడమే.

ఆ మాట ఎక్కడ చెప్పాలన్నది వేరే సమస్య. క్లినిక్‌లో ఉన్నది ఒకటే గది, బెంచీ మీద నలుగురు, ఆశా కార్యకర్తది అదే ఊరు, ఏఎన్ఎంది పక్క ఊరు. గోప్యత గురించి ఎంత చదివినా ఇక్కడ గోడ లేదు. తెలివైన నర్సులు దీనికి మామూలు ఉపాయాలే వాడుతున్నారు. రిపోర్టులు ఇవ్వడానికి మధ్యాహ్నం రమ్మంటారు, బరువు చూసే నెపంతో వరండాలోకి తీసుకెళ్తారు, లేకపోతే సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలో ఆగుతారు. ఏ ప్రోటోకాల్‌లోనూ రాసి లేకపోయినా ఇవి పనికొచ్చే పద్ధతులు.

దగ్గరగా చూడాల్సింది ఊపిరి. ఆయాసంతో వచ్చిన మనిషిని చూడగానే ఉబ్బసమనో గ్యాసనో అనుకోవడం తేలిక. కిడ్నీలు బాగా చెడినప్పుడు రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది, దాన్ని బయటికి నెట్టడానికి ఒళ్ళు లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంది. ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపిస్తాయి, పిల్లికూతలుండవు. ఆక్సిజన్ అంకె 98 ఉంటుంది. అందరూ ఆక్సిమీటరు చూసి ఊరుకుంటారు. ఊపిరి లెక్కపెట్టరు. పెట్టినా పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తారు, లేదా అలవాటుగా 18 అని రాసేస్తారు. బ్రిటన్ వైద్యులు 2012లో తెచ్చి 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక స్కోరులో ఊపిరి నిమిషానికి 25, అంతకు మించి ఉంటే ఆ ఒక్కదానికే మూడు మార్కులు, వెంటనే డాక్టరు చూడాలన్న సంకేతం. లెక్కపెట్టే పద్ధతి పాతదే. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, ఆ చేతిని పొట్ట మీద ఆనించి, నిండా ఒక నిమిషం కళ్ళతో ఛాతీని చూడాలి. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు. చూడకుండా 18 అని రాసిన చోట, ఆ మనిషిని ఇంటికి పంపెయ్యాలన్న నిర్ణయాన్ని కూడా చూడకుండానే తీసుకున్నట్టు.

అడగాల్సిన ఇంకో మాట, ఈ నేలకే చెందింది: "కొబ్బరి నీళ్ళు తాగుతున్నారా?" ఉద్దానం అంటేనే కొబ్బరి. ఇంటికొచ్చినవాళ్ళకు బొండాం కొట్టి ఇవ్వడం మర్యాద, నీరసంగా ఉన్నవాడికి అదే మందు. మంచి కిడ్నీలున్నవాడికి అది నిజంగా మంచిదే. కిడ్నీ చివరి దశలో ఉన్నవాడికి ఒక గ్లాసు కొబ్బరి నీళ్ళలోని పొటాషియం బయటికి పోయే దారి లేదు, అది గుండె లయను తప్పించొచ్చు. ఈ ప్రశ్న అడగడానికి కూడా నేర్పు కావాలి. "తాగొద్దు" అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే, తన తోటలో కాసిన కాయ తనకు విషమయిందన్న మాట విని మనిషి కుంగిపోతాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చెట్లను కూల్చినప్పుడు ఈ ఊళ్ళు ఏడ్చిన ఏడుపు గుర్తున్నవాళ్ళకు ఆ కుంగుబాటు అర్థమవుతుంది.

గర్భిణి బీపీ గురించి క్లుప్తంగా చెప్పొచ్చు, ఎందుకంటే నియమం స్పష్టంగా ఉంది. ఇరవై వారాలు దాటాక 140/90, అంతకంటే ఎక్కువ వస్తే నాలుగు గంటలు ఆగి మళ్ళీ చూడాలి. 160/110 వస్తే ఆగకూడదు. కూర్చోబెట్టి ఐదు నిమిషాలు ఊపిరి పీల్చుకోనివ్వాలి, కఫ్ చేతికి సరిపోయేది ఉండాలి, చూస్తున్నంతసేపూ మాట్లాడించకూడదు. చిక్కంతా పక్కనున్న అత్తగారితో. "తలనొప్పేటీ నేదమ్మా, బాగానే ఉంది" అని ఆవిడే జవాబు చెబుతుంది. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయా అన్న ప్రశ్న కోడలికి చేరదు. అత్తగారిని అవమానించకుండా, ఆవిడ బీపీ కూడా చూస్తానని పక్క కుర్చీలో కూర్చోబెట్టి, కోడలిని మూత్రం పట్టడానికి వెనక్కి తీసుకెళ్ళి అడగడం బాగా పనిచేసే మార్గం.

మాట దగ్గరే ఇంకొకటి. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాష కోసం పోరాడారని అందరికీ తెలుసు. సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారన్నది కొంచెం తక్కువగా గుర్తు చేసుకుంటాం. కేసు షీట్ రాసే ప్రతి నర్సుకూ ఆయన రెండు పనులూ కావాలి. రోగి బాధను అతని మాటల్లోనే రాయాలన్నది నర్సు రోగిని పరీక్షించడంలో మొదటి పాఠం. "నడుం లాగేస్తంది, ఒళ్ళు బరువు, అన్నం సయించట్నేదు" అని ఒకామె చెప్పిందాన్ని "ఒళ్ళు నొప్పులు" అని కుదించి రాస్తే, అన్నం సయించకపోవడం అన్న అసలు ముక్క రాలిపోయింది. రక్తంలో యూరియా పేరుకున్నదానికి అది గుర్తు కావచ్చు. పాతపట్నం, మెళియాపుట్టి వైపు సవరల్లోనూ, ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా మాట్లాడేవాళ్ళలోనూ ఆ ముక్క అసలు రికార్డుకే చేరకపోవచ్చు. బడికెళ్ళే కూతురు తల్లి మాటను తెలుగులో చెబుతుంటే, తల్లి తన ఆడ సమస్యలు ఆ పిల్ల ముందు చెబుతుందా? వేలిముద్ర వేసినంత మాత్రాన సమ్మతి అయిపోదు. రోగికి అర్థమయ్యేలా చెప్పి, చెప్పినదానికి మాత్రమే సమ్మతి తీసుకోవాలని, ఒకదానికి ఒప్పుకుంటే ఇంకోదానికి ఒప్పుకున్నట్టు కాదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు వైద్యులను ఉద్దేశించింది. వేలిముద్ర వేయించేది మాత్రం తరచుగా నర్సే.

పంచడం అన్న ప్రశ్న ఈ జిల్లాలో పదునుగా ఉంటుంది. 1960ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో డయాలసిస్ యంత్రాలు కొద్దిగా ఉండి, కావలసినవాళ్ళు ఎక్కువై, ఎవరికివ్వాలో తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. లాయరు, మతాచార్యుడు, బ్యాంకరు, గృహిణి అందులో ఉన్నారు. వాళ్ళు మనిషి ఉద్యోగం, పిల్లలు, ఊరికి ఉపయోగం చూసి ఎంచుకున్నారని తెలిసినప్పుడు పెద్ద గొడవైంది. ఆధునిక వైద్య నైతిక చర్చ పుట్టిన సందర్భాల్లో అదొకటి. ఇప్పుడు పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉన్నాయి, 2023 డిసెంబరులో మొదలయ్యాయి. సోంపేట, టెక్కలిలోనూ డయాలసిస్ ఉంది. హిరమండలం జలాశయం నుంచి తాగునీళ్ళు తెచ్చారు. కమిటీలు లేవు. అయినా ఎంపిక జరుగుతూనే ఉంది, ఆ ఎంపికను చేస్తున్నది దూరం. వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు యంత్రం మీద ఉండాలంటే, రోగితోపాటు తోడొచ్చే మనిషి కూలి కూడా మూడు రోజులు పోతుంది.

ఇది తెలిస్తేనే "డయాలసిస్ వద్దమ్మా, ఇంక చాలు" అన్న మాటను పరీక్షించడం సాధ్యం. నిర్ణయం తీసుకునే శక్తి ఉన్న పెద్దమనిషికి చికిత్స వద్దనే హక్కుందని సుప్రీంకోర్టు 2018లో కామన్ కాజ్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ శక్తి ఉందో లేదో చూసే పద్ధతి ఉంది: చెప్పింది అర్థమైందా, గుర్తుందా, లాభనష్టాలు తూచుకోగలుగుతున్నాడా, తన నిర్ణయం మాటతోనో సైగతోనో చెప్పగలుగుతున్నాడా. యూరియా పేరుకున్న రోజున మనసు మసకగా ఉంటుంది కాబట్టి డయాలసిస్ అయిన మర్నాడు అడగడం న్యాయం. ఒక్కసారి అడిగితే చాలదు. "వద్దు" వెనక ఏముందో తవ్వాలి. ఆటో ఖర్చా? చేతిలో ఫిస్టులా (డయాలసిస్ కోసం కలిపిన రక్తనాళం) దగ్గర సూది నొప్పా? కొడుకు చెన్నైలో పని మానుకుని వచ్చి కూర్చున్నాడన్న బాధా? నిద్రపట్టని దిగులా? ఇవన్నీ ఎంతోకొంత తీర్చదగ్గవి. తీర్చదగ్గ కష్టాన్ని చావు కోరికగా రాసుకోవడం పెద్ద తప్పు. అవన్నీ చూశాక కూడా ఆయన అదే మాట అంటే, ఆ మాటను ఇంట్లోవాళ్ళ ఏడుపు కింద తొక్కెయ్యడమూ తప్పే. "ఆయనకేటీ చెప్పకండి సిస్టరమ్మా" అనే కొడుకుతో గొడవపడక్కర్లేదు. నాన్నకు ఎంత తెలుసో, ఇంకెంత తెలుసుకోవాలనుందో నాన్ననే అడుగుదామని కొడుకుని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. చాలాసార్లు నాన్నకు ముందే తెలుసు.

డయాలసిస్ ఆపాక సాధారణంగా వారం, పది రోజులు. కొద్దిగా మూత్రం వస్తుంటే ఇంకొన్నాళ్ళు. ఆ రోజుల్లో నర్సు చెయ్యాల్సిన పరీక్ష ఇంకా మిగిలే ఉంటుంది: ఊపిరి ఎలా ఉంది, దురద ఎంత, నోరు ఎండుతోందా, వాంతి ఉందా, రాత్రి ఆయన భార్య నిద్రపోయిందా. నొప్పికి మార్ఫిన్ ఇచ్చేటప్పుడు చెడిన కిడ్నీల్లో దాని అవశేషాలు పేరుకుంటాయి కాబట్టి మోతాదు డాక్టరుతో మాట్లాడి జాగ్రత్తగా చూడాలి. అన్నిటికంటే ముందు ఒక కాగితం. అర్ధరాత్రి ఆయాసం పెరిగితే ఇంట్లోవాళ్ళు భయంతో 108కి ఫోన్ చేస్తారు, వచ్చినవాళ్ళకు ఆయన ఏం కోరాడో తెలియదు, విశాఖ కేజీహెచ్ దాకా తీసుకెళ్ళిపోతారు. అందుకే "ఇంటికాడే ఉంటాను, నన్నెక్కడికీ తీసికెల్లకండి" అని ఆయన అన్న మాటను అన్నట్టే, తేదీ వేసి, డాక్టరు సంతకంతో రాయించి, ఒక కాపీ ఇంట్లో ఉంచాలి. పెట్టెలో దాస్తే దొరకదు. తలుపు పక్కన, రేషన్ కార్డు, పింఛను పుస్తకం పెట్టే సంచిలో, అన్నిటికంటే పైన.